పాలపొత్తు వాళ్ళ పొలం

అగ్బాలూ, ఇఫ్రాన్ కొండ దిగువ
అక్టోబరు

చెల్లెలు రబ్హాకి అన్న మీమూన్ సలాం.

చేరాం. నువ్వు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నాకు ఉత్తరాలు అలవాటు లేదు. చిన్నప్పుడు ఊరి మసీదులో పలక మీద నేర్చుకున్నదే నా రాత. తప్పులుంటే నీలో నువ్వు నవ్వుకో. నీ కోడలికి చదివి వినిపించకు.

ఇల్లు చిన్నది. రాతిగోడలు, పైన దేవదారు పలకలు. ముసలి ఆపిల్ చెట్లు కొన్ని. కిందుగా వాగు పారుతోంది. వాగు అవతల అస్సూ ఇల్లు, మనకి పొలం అమ్మినాయన. ఇఫ్రాన్ వెళ్ళాలంటే రోడ్డు దాకా నడవాలి. అక్కడ టాక్సీ నిండేదాకా డ్రైవరు కదలడు. అందుకే ఈ భూమి చవక. ఇఫ్రాన్‌లో కొత్త విశ్వవిద్యాలయం వచ్చాక ఒక్క గదికిచ్చే అద్దెతో కాసాబ్లాంకాలో కాపురమే పెట్టొచ్చు. రోడ్డు లేని చోట మాత్రం మనలాంటి వాళ్ళకి ఇంకా దొరుకుతోంది. కుట్టుమిషను కంచరగాడిద మీద వచ్చింది. ఒక సూది కూడా విరగలేదు.

మీ వదిన యమ్నా సంగతి అడుగుతావు. ఐన్ సెబాలో ఆ ఫ్యాక్టరీల పొగకి మూడు దిండ్లు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది, నువ్వు చూశావు. ఇక్కడికొచ్చిన వారానికి ఒక దిండు తీసేసింది. నిన్న మధ్యాహ్నం పక్కకి తిరిగి పడుకుని ఉంది. కదలిక లేదు. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"బతికే ఉన్నాను, వేలు తియ్యి," అంది కళ్ళు మూసుకునే.

ధర కుదిరి, మాట ఖాయమని ఫాతిహా చదివాం, డబ్బు ఇచ్చేశాం. పత్రం రాయడానికి మాత్రం వసంతం దాకా ఎవరూ ఈ వైపు రారట. మాట ఉంది కదా, చాలు.

ఇంతే.

మీమూన్


ఐన్ సెబా, కాసాబ్లాంకా
అక్టోబరు ఆఖరు

అన్నయ్యకి,

పుట్టి బుద్ధెరిగాక నీ నోటి నుంచి ఇన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. కోడలికి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వాం. వేలు పెట్టి చూసిన దగ్గర మాత్రం నాకు కళ్ళు చెమర్చాయి.

అస్సూ గారు బాగున్నాడా? నా మీద ఇంకా కోపంగా ఉన్నాడా? కూతుర్ని చూడడానికి కాసాబ్లాంకా వచ్చిన మనిషిని నేనే కదా మన ఇంటికి పిలిపించింది. ఆయన ధర చెప్పగానే నువ్వు "అలాగే" అనబోయావు. నీ మోకాలు గిల్లకపోతే ఆ ధరకి పైన ఇంకొంచెం కలిపి ఇచ్చేవాడివి. గోడవైపు తిరిగి కూర్చుని నీ చొక్కా గుండీలే చూసుకున్నావు. నేను మూడు గ్లాసుల టీ అయ్యేదాకా ఆయన్ని వదల్లేదు. చివరికి "అమ్మా, నా దగ్గర ఇంక నోరు కూడా మిగల్లేదు" అని తల పట్టుకున్నాడు పాపం.

మధ్యలో మీరెక్కడి వాళ్ళని అడిగాడు, గుర్తుందా? ఐన్ సెబా వాళ్ళం అన్నాను. అరబ్బీలోనే మాట్లాడాను. కొండ మనిషికి మనమూ కొండ వాళ్ళమేనని చెబితే తాతల పేర్లు తవ్వుతాడు. బంధుత్వం తవ్వేకొద్దీ ధర బిగుస్తుంది. అది నా తెలివి. నువ్వు మెచ్చుకోలేదు, నేనే మెచ్చుకుంటున్నాను.

వదినని చన్నీళ్ళు ముట్టుకోవద్దని చెప్పు.

రబ్హా


అగ్బాలూ
నవంబరు

రబ్హాకి,

ఒక సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు.

మొన్న అస్సూ వెన్న తెచ్చాడు. మంచి మనిషి, నాకంటే పెద్దవాడు. టీ పోశాను. ఎండలో కూర్చున్నాం. ఆపిల్ కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో చెబుతున్నాడు. నేను "సరే" అన్నాను. అలవాటుగా మన కొండ మాటలో వచ్చేసింది. ఆయన తలెత్తాడు.

"నీకు మన మాట వచ్చా?"

"వచ్చు."

"కాసాబ్లాంకా వాళ్ళమంది కదా మీ చెల్లెలు."

"మా నాన్న కరువులో కిందికి దిగిపోయాడు. మాది ఖెనీఫ్రా అవతల."

"ఏ తెగ వాళ్ళు?"

"ఐత్ మెర్వాల్."

గ్లాసు కింద పెట్టేశాడు. సగం టీ అలాగే ఉంది. లేచి చెప్పులు విప్పాడు. ఆరుబయట, బురదలో. వాటిని చేత్తో పట్టుకుని, నాకు వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచాడు. వాగులోకి కూడా అలాగే దిగాడు. పడతాడేమోనని భయమేసింది. అవతలి గట్టు ఎక్కేదాకా చూస్తూ నిలబడ్డాను.

అప్పటినుంచి ఎవరూ మా గుమ్మం తొక్కడం లేదు. దారిలో ఎదురైతే పక్కకి తప్పుకుని తల వంచుతున్నారు. కోపమైతే తిట్టాలి కదా. తిట్టడం లేదు. పొద్దున లేచేసరికి గుమ్మంలో కట్టెలు ఉంటున్నాయి. ఎవరు పెడుతున్నారో తెలియదు.

అస్సూ వాళ్ళని ఐత్ హనీన్ అంటారు. మన నాన్న వాళ్ళకేమైనా చేశాడా? పాత పగ ఏదైనా ఉందా? నానమ్మ దగ్గర నువ్వే ఎక్కువ కాలం ఉన్నావు. నీకు తెలిసింది రాయి. యమ్నాకి ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఆమెకి ఒక్క దిండే సరిపోతోంది.

మీమూన్


ఐన్ సెబా
నవంబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద తజీన్ కూర మాడబెట్టాను. నా కొడుకు ఉల్లిపాయ, రొట్టె తిని పనికి వెళ్ళాడు.

పగ కాదు. పగైనా బాగుండేది. దానికి ఒక పొట్టేలు, నలుగురు పెద్దమనుషులు చాలు, తీరిపోతుంది. ఐత్ మెర్వాల్‌కీ ఐత్ హనీన్‌కీ పాలపొత్తు. నానమ్మ చెబుతుంటే నేను నిద్రమత్తులో వినేదాన్ని. ముత్తాతల నాడు రెండు వైపులా నరుక్కు చస్తుంటే, యుద్ధం ఆపడానికి చంటిబిడ్డల తల్లులందర్నీ ఒకచోట కూర్చోబెట్టారట. వాళ్ళ బిడ్డలు మన తల్లుల పాలు తాగారు, మన బిడ్డలు వాళ్ళ తల్లుల పాలు తాగారు. తర్వాత మగవాళ్ళంతా ఎడమకాలి చెప్పులు కుప్ప పోసి జతలు తీశారు. ఎవరి చెప్పుకి ఎవరిది జత పడితే వాళ్ళు అన్నదమ్ములు. ఒక కడుపున పుట్టిన వాళ్ళకంటే ఎక్కువ.

అప్పటినుంచి వాళ్ళూ మనమూ పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు. ఒకరితో ఒకరు అబద్ధమాడకూడదు. ఒకరు నోరు తెరిచి అడిగితే రెండోవారు కాదనకూడదు. అన్నిటికంటే పెద్దది, బేరమాడకూడదు. ఆడితే వడగళ్ళు పడతాయి, చూలు పశువులు ఈచుకుపోతాయి.

నేనాయన్ని ఎంత పిండాను అన్నయ్యా. పైగా ఎక్కడి వాళ్ళమో చెప్పకుండా పిండాను. తెలివి అనుకున్నాను.

పెద్ద చక్కెర దిమ్మ ఒకటి టాక్సీలో పంపుతున్నాను. నీలం కాగితం విప్పకుండా అస్సూ గారి చేతిలో పెట్టు. "మా చెల్లెలికి తెలియదు" అని ఒక్క మాట చెప్పు. చెప్పగలవా? పోనీ, దిమ్మ ఇచ్చి నిలబడు. అర్థం చేసుకుంటాడు.

నా భయమంతా ఒక్కటే. ఆయన పొలం వెనక్కి ఇమ్మని అడిగితే నువ్వు కాదనలేవు. వదినని మళ్ళీ ఈ పొగలోకి తెస్తావా?

రబ్హా


అగ్బాలూ
డిసెంబరు

రబ్హాకి,

చక్కెర ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని నుదుటికి అద్దుకున్నాడు.

తర్వాత ఆయనే వచ్చాడు. ఇద్దరు పెద్దమనుషులు, ఒక పొట్టేలు. వెనకాల ఆయన అన్నకొడుకు మోహా. యమ్నా నీళ్ళకి వెళ్ళింది. పొట్టేల్ని నా గడప మీద అస్సూ కోశాడంటే ఆయనడిగింది నేను ఒప్పుకుని తీరాలి. నాకేమీ తోచక వెళ్ళి గడప మీద కూర్చున్నాను.

"లే మీమూన్," అన్నాడు అస్సూ.

లేవలేదు.

"నా పాలతమ్ముడితో బేరమాడాను నేను. టీ తాగుతూ మరీ ఆడాను. నీ డబ్బు నువ్వు తీసుకో, పొలమూ నువ్వే ఉంచుకో. అదే అడగడానికి వచ్చాను."

"అడిగినట్టు కాదు," అని పెద్దమనుషుల్లో ఒకాయన కంగారుగా అడ్డం వచ్చాడు. "పొట్టేలు తెగలేదు, 'అడుగుతున్నాను' అనీ అనలేదు. అడిగినట్టు కాదు."

మోహా నవ్వాడు. "బాబాయ్, ఊరికే ఇచ్చేదానికి పొట్టేలు కూడా దండగా? వెనక్కి తీసుకో. ఫెజ్ నుంచి ఒకాయన వచ్చి కాలేజీ పిల్లలకి గదులు కడతానంటున్నాడు. రోడ్డు కూడా ఆయనే వేయిస్తాడు. పాలు డబ్బాల్లో వస్తున్న రోజుల్లో పాలపొత్తేంటి?"

"నీ నోట్లో వడగళ్ళు పడ," అన్నాడు పెద్దాయన.

ఊరికే తీసుకోవడం నా వల్ల కాదు రబ్హా. అస్సూకి ఉన్నదే తక్కువ. ఇంకొంత డబ్బిస్తానంటే అదీ బేరమే. మరి న్యాయమేమిటి? "నువ్వే వెనక్కి తీసుకో" అనడమే న్యాయం. ఆ మాట నా నాలుక మీదే ఉంది. అన్నానంటే ఆయన కాదనలేడు, పొలం పోతుంది. మోహా ఆ ఫెజ్ ఆయన్ని తెస్తాడు. మేము మళ్ళీ ఐన్ సెబాకి.

అనలేదు. పెదాలు బిగించి కూర్చున్నాను. అందరూ నా నోటి వైపే చూశారు.

చివరికి పెద్దమనుషులు, "మంచు పడబోతోంది. పెద్ద పండుగ బక్రీద్ వెళ్ళాక ఊరు కూర్చుంటుంది. అప్పటిదాకా ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకండి, పొలం మాట అసలే ఎత్తకండి" అన్నారు. ఈలోగా పొట్టేలు యమ్నా నాటిన ఉల్లినారు సగం మేసేసింది. మడి తొక్కింది ఎవరని యమ్నా వచ్చాక అడిగింది. గాలి అన్నాను.

మీమూన్


ఐన్ సెబా
డిసెంబరు

అన్నయ్యా,

నోరు మూసుకో. నీకు బాగా వచ్చిన పని అదొక్కటే. నీ మౌనం ఎప్పటికైనా పనికొస్తుందని అనుకోలేదు, వచ్చింది. పండుగ దాకా కాదు, అవసరమైతే చచ్చేదాకా మూసుకో.

న్యాయం, న్యాయం అని రాశావు. వదిన ఊపిరి తీసుకోవడం న్యాయం కాదా?

ఉల్లినారు గాలి మేసిందని చెప్పావా? నువ్వు అబద్ధం కూడా సరిగ్గా ఆడలేవు. ఆమెకి చెప్పేయ్.

రంజాన్ వచ్చేస్తోంది. నీ వాటా ఖర్జూరాలు పంపుతాను.

రబ్హా


అగ్బాలూ
ఫిబ్రవరి

రబ్హాకి,

మంచుకి రోడ్డు మూసేశారు. అందుకే ఆలస్యం. ఖర్జూరాలు అందాయి.

ఇక్కడ మంచు పడితే పైకప్పు మీద పేరుకోకుండా తోసెయ్యాలి, లేకపోతే దూలాలు విరుగుతాయి. నేను పార పట్టుకుని బయటికి వచ్చేసరికి అస్సూ మా కప్పు మీద ఉన్నాడు. ఈ వయసులో. మాట్లాడకూడదు కదా, మాట్లాడలేదు. నేనూ ఎక్కి రెండో వైపు తోశాను. పని అయ్యాక ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళి ఆయన కప్పు తోశాం. నాకు ఆ రోజు బాగుంది.

చేతికి పని కూడా దొరికింది. కాలేజీ పిల్లల్లో ఎడారి వైపు నుంచి వచ్చినవాళ్ళు చలికి వణికిపోతున్నారు. రోడ్డు తెరిచిన సంతరోజు నేను వెళ్ళి కూర్చుంటే టోపీ ఉన్న తమ జెల్లాబా అంగీలకి లోపల ఉన్ని గుడ్డ వేయించుకుంటున్నారు. "తాతా, ఎంత?" అంటారు. చెబుతాను. ఇస్తారు. వాళ్ళకి బేరం రాదు. నాకూ రాదు.

యమ్నాకి చెబుదామని కూర్చోబెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక టీ కలుపుతూ ఉండిపోయాను.

"పాలపొత్తు గురించేనా?" అంది.

"నీకెలా తెలుసు?"

"నీళ్ళ దగ్గర ఆడవాళ్ళందరికీ తెలుసు. ఉల్లినారు మేసిన పొట్టేలు ఏ రంగుదో కూడా తెలుసు. నువ్వే చెబుతావని చూస్తున్నాను. చలికాలం అయిపోవచ్చింది."

నేను టీ పోసి గ్లాసు ఆమె ముందుకి జరిపాను.

"నీకు రొట్టె సయించడం లేదు," అంది. "ఆ మాట మింగలేక కక్కలేక చస్తున్నావు. అనెయ్యి."

"అంటే పొలం పోతుంది."

"అస్సూ దగ్గరికి పోతుంది. సముద్రంలోకి పోదు కదా. నేను దుక్కాలా మైదానం దాన్ని. మీ కొండ పాలు నేను తాగలేదు. అస్సూ పెళ్ళాం తూదాది తాజా ఊరి వైపు, ఆమె కూడా తాగలేదు. మీరిద్దరూ బేరమాడకూడదు సరే, మేమాడుకుంటే ఎవరికి నష్టం?"

పెద్దమనుషుల్ని కూడా అడిగించిందట, తూదా ద్వారా. వాళ్ళు గడ్డాలు నిమురుకుని, తప్పు లేదన్నారట. కానీ ముందు పొలం నిజంగా వెనక్కి వెళ్ళాలి. తిరిగి మాకే అమ్మాలని మనసులో షరతు పెట్టుకుని అడిగితే చెల్లదు. ఒకసారి వెళ్ళాక అస్సూ ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఆయన మీద ఏ కట్టూ ఉండదు. మోహా పక్కనే ఉంటాడు.

అదీ సంగతి. ఏం చేయాలో రాయి.

మీమూన్


ఐన్ సెబా
మార్చి

అన్నయ్యా,

ఏం చేయాలో నన్నడుగుతావేంటి? నేను చేసిందే ఇంత దూరం తెచ్చింది.

వదిన బేరమా? నా కళ్ళ ముందు ఈ ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో కూలబడిన మనిషి. బేరమంటే మాటలనుకుంటున్నారా మీరు? మాటలు చివర్లో. ముందు ఊపిరి కావాలి. ఎదుటివాళ్ళు అలిసిపోయేదాకా నువ్వు అలవకూడదు, అంతే దాని రహస్యం. సగంలో దగ్గు తెర వచ్చిందంటే ఊరందరి ముందు ఏం చేస్తారు? నేనొచ్చి ఆడదామంటే నేనూ ఐత్ మెర్వాల్ దాన్నే. నోరుండీ పనికిరాకుండా పోయాను.

ఆ మోహా సంగతి తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

అయినా నువ్వు ఆ మాట అంటావని నాకు తెలుసు. అనకుండా బతకలేవు, నిన్ను నేనెరుగుదును. వదినకి తేనె, జీలకర్ర కషాయం పట్టించు. అయిన వెంటనే రాయి. టాక్సీ డ్రైవరు చేతికైనా ఇచ్చి పంపు.

రబ్హా


అగ్బాలూ
ఏప్రిల్

రబ్హాకి,

ముందు ఇది చదువు. పొలం మనదే.

ఇప్పుడు తీరిగ్గా చదువు.

పండుగ వెళ్ళిన శుక్రవారం నమాజు అయ్యాక ఊరు మసీదు పక్క బయలులో కూర్చుంది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు గోడ దగ్గర. నన్ను లేవమన్నారు. లేచాను. అంతమంది ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అస్సూ నేల వైపు చూస్తున్నాడు. ఆయన కూడా నాలాగే సిగ్గుపడే మనిషని అప్పుడు తెలిసింది.

"అన్నా," అన్నాను. "పొలం వెనక్కి తీసుకో. అడుగుతున్నాను."

"తీసుకున్నాను," అన్నాడు.

నా డబ్బు సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అంతే రబ్హా. ఇల్లు లేదు, చెట్లు లేవు. నేను కూర్చోవడం కూడా మర్చిపోయాను.

మోహా లేచాడు. "బాబాయ్, ఫెజ్ ఆయన రోడ్డు మీద కారులో ఉన్నాడు. పిలవనా?"

అందరూ అస్సూ వైపు తిరిగారు. ఆయన గడ్డిపరక ఒకటి తుంచాడు. ఇంకొకటి తుంచాడు. మోహా ఇంకా నిలబడే ఉన్నాడు. అస్సూ జెల్లాబా టోపీ ముఖం మీదికి లాక్కుని అన్నాడు, "నాకివాళ చెవులు వినపడడం లేదు. అమ్మకం సంగతులు తూదాని అడగండి."

యమ్నా అప్పుడే ఆడవాళ్ళలోంచి లేచింది. నా ముందున్న సంచి తీసి చంకలో పెట్టుకుంది.

"ఎవరో పొలం అమ్ముతున్నారని విన్నాను," అంది.

"అమ్ముతాం," అంది తూదా. "కొనే మొహాలు ఉంటే."

తూదా ధర చెప్పింది. కిందటేడు అస్సూ నీకు మొదట చెప్పిన దానికంటే ఎక్కువ చెప్పింది. ఆడవాళ్ళు ఊళలేశారు.

"ఆ ధరకి పొలంతో పాటు నీ మొగుణ్ణి కూడా ఇస్తావా?" అంది యమ్నా.

"ఊరికే ఇస్తాను, తీసుకుపో. పొలానికి మాత్రం డబ్బు కావాలి."

"ఏముంది ఆ పొలంలో? ఆ ఆపిల్ చెట్లకి నాకంటే ఎక్కువ ఆయాసం."

"ఆయాసమా నీకు? నీ అరుపులకి మా మేకలు కొండెక్కాయి."

అస్సూ టోపీ కింద భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థమైంది. అయిదు నెలలుగా మా గుమ్మం తొక్కని వాళ్ళు, తల వంచుకుని తప్పుకున్న వాళ్ళు, ఇద్దరి మధ్యా తలలు ఇటూ అటూ తిప్పుతూ చూస్తున్నారు. ఎవరికి నచ్చిన మాటకి వాళ్ళు "అల్లాహ్" అంటున్నారు. మోహా కూడా కూర్చున్నాడు. చివరికి అతనూ, "పిన్నీ, దిగకు" అని అరిచాడు.

తూదాకి కోపం వచ్చింది. వచ్చినట్టు నటించిందేమో, నాకు తెలియదు. "మీతో నాకు బేరం లేదు" అని ఇంటి వైపు ఎక్కడం మొదలుపెట్టింది. వాళ్ళ ఇంటి దారి నిటారుగా ఉంటుంది. నేను ఎక్కినా నడుం మీద చెయ్యి వేసుకోవాలి.

యమ్నా ఆమె వెనకాల పరిగెత్తింది.

నేను ముందు చూడలేకపోయాను. దగ్గు వినపడుతుందని చెవులు రిక్కించాను. వినపడింది ఆమె గొంతే. ఎక్కుతూ తిడుతోంది, తిడుతూ ధర చెబుతోంది. మలుపు దగ్గర తూదా కొంగు పట్టుకుంది. ఇద్దరూ అక్కడ నిలబడి చేతులు ఊపారు. మళ్ళీ దిగి వచ్చేటప్పుడు తూదా రొప్పుతోంది. యమ్నా ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఆగలేదు రబ్హా. నేను వింటూ కూర్చున్నాను. ఎంతసేపని ఎవరైనా అడిగితే చెప్పలేను.

కుదిరిన ధర నువ్వు కుదిర్చిన దానికంటే కొంచెం ఎక్కువ. నువ్వు పిండింది అస్సూకి తిరిగి చేరింది, నాకూ మనసు తేలికపడింది. తూదా తనే గెలిచానంటోంది. యమ్నా కూడా తనే గెలిచానంటోంది. ఫాతిహా చదివాం. పత్రం వచ్చే వారం రాయిస్తారు, యమ్నా పేరు మీద. అస్సూ టోపీ తీసి, నా దగ్గరికి వచ్చి భుజాన్ని ముద్దు పెట్టుకున్నాడు. "ఇంక నీతో మాట్లాడొచ్చు," అన్నాడు. నేను "సరే" అన్నాను. ఇద్దరం ఆపిల్ కొమ్మలు కత్తిరించడానికి వెళ్ళాం.

అరిచి అరిచి యమ్నాకి గొంతు పోయింది. ఇవాళ సైగలతోనే పని చెబుతోంది, రొట్టె తిప్పమని, నీళ్ళు తెమ్మని. ఇంట్లో మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. ఏం మాట్లాడాలో తెలియక నీకు ఇంత పొడుగు ఉత్తరం రాశాను.

మీమూన్